పల్లంలో గూటం

చెవిబల్ల మీద మూడు తట్లు వేసి నాంచారి చెవి ఒగ్గింది. దవడ ఎముకలోంచి మోత తిరిగొచ్చింది, పొట్టిగా, పెళుసుగా. "గట్టి," అంది పైకి. బల్ల ఆ మాట అందుకుని అంకె వేసుకుంది. తర్వాతి దవడ. మళ్ళీ మూడు తట్లు. ఈసారి మోత కాస్త సాగింది, చివర్లో ఒణికింది. "ఫర్వాలేదు. తీగ లాగుడు సగానికి దించండి." ఆ తర్వాతది. "గట్టి." ఆ తర్వాతది. "గట్టి. ఈయన రాత్రి పళ్ళు నూరుకున్నాడు, కనుక్కోండి."

పొద్దున్న లేచి ఎవరైనా కాఫీ తాగుతారు, పేపరు చూస్తారు. నాంచారి పరాయి వాళ్ళ దవడలు వింటుంది. సముద్రం అడుగున ఒంటిగదుల్లో అప్పుడే నిద్రలేస్తున్న వాళ్ళ పళ్ళ వేళ్ళ సందున, బియ్యపు గింజ కన్నా కాస్త పొడుగైన లోహపు గూటం ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని ఊతగా చేసుకుని తీగ పళ్ళను లాగుతుంది. పైన బల్ల మీద తడితే ఆ తట్టు కింద ఆ గూటంలో పడుతుంది. అడుగుపని చేసేవాళ్ళు గాలిగొట్టాన్ని పళ్ళతోనే కరిచి పట్టుకోవాలి. పై పలువరసా కింది పలువరసా సమంగా కూర్చోకపోతే సందుల్లోంచి నీళ్ళు దూరతాయి. నీళ్ళు దూరితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకని వంకర పళ్ళు సరిచేయడం అక్కడే, పని మీద ఉండగానే జరిగిపోతుంది. పళ్ళు కదలాలి, గూటం కదలకూడదు. ఈ రెండో ముక్క కోసమే భీమిలి కొండ మీద ఇంత పెద్ద భవనం, ఇన్ని చెవిబల్లలు, వాటి ముందు వినడానికి ఒక్కొక్క ఆలకరి.

ఈ మాత్రం పని యంత్రం చేయలేదా అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు. ఒకప్పుడు చేసింది. ఆ రోజుల్లో ఏం జరిగిందో ఎవరూ వివరంగా చెప్పరు గానీ, తర్వాత చట్టం వచ్చింది: ప్రతి గూటం మోతనీ రోజుకొకసారి మనిషి చెవి వినితీరాలి. తీర్పు మాత్రం స్థిరత్వ పీఠం అనే యంత్రానిదే. చెవి మనది, నోరు దానిది అని నాంచారి తనలో తను నవ్వుకునేది. మంచి మాటే, కానీ ఏం లాభం? చెప్పుకుని నవ్వడానికి పక్కన మనిషి ఉంటే కదా.

ఆలకరి గది అంటే నిలువునా పరుపులు పేర్చి కట్టిన పెట్టె. బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి చప్పుడు బయటికి పోదు. వరండాలో కూడా మాట్లాడకూడదు, చెప్పులు వేసుకోకూడదు. భోజనం పెట్టెలోనే. భవనం నిండా మనుషులున్నా నాంచారి వాళ్ళ ముఖాల కన్నా వీపులే ఎక్కువ ఎరుగును. ఆమెది బందరు. అమ్మ పోయాక అక్కడ తెలిసినవాళ్ళు లేరు, ఇక్కడ తెలుసుకోవడానికి వీల్లేదు. ఇంటికి వెళితే కుక్కరు ఒక్కటే ఆమెతో గట్టిగా మాట్లాడుతుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా మానేశారు. ఆ అడగడం మానేసిన రోజు మనిషికి ఎంత బోసిగా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలీదు.

ఇంత చెప్పాక గవరయ్య సంగతి చెప్పకపోతే అన్యాయం.

గవరయ్య ఆమె జాబితాలో మధ్యలో ఎక్కడో ఉంటాడు. కానీ ఆమె ఆయన్ని ఎప్పుడూ చివరికి ఉంచుకునేది, దోసె తినేటప్పుడు కరకరలాడే అంచుని చివరికి దాచుకున్నట్టు. ముఖం ఎరగదు, గొంతు ఎరగదు. వయసు యాభై దాటిందని, ఊరు సముద్రంలో కలిసిపోయిందని, పైన దగ్గరివాళ్ళంటూ లేరని బల్ల మీద ఉంటుంది. అంతే. పైన ఒక చెవి ఉందని ఆయనకీ తెలుసు, ఎవరిదో తెలీదు. ఆలకరి మాట్లాడకూడదు. తట్టాలి, వినాలి, ఊరుకోవాలి.

అంతా ఒక తుమ్ముతో మొదలైంది. వర్షాకాలంలో ఒక పొద్దున్న ఆయనకు మూడు తట్లు వేస్తుండగా నాంచారికి తుమ్ము వచ్చింది. చెయ్యి అదిరి నాలుగో తట్టు పడింది. మోత తిరిగొచ్చింది. దాని వెనకాలే సన్నగా గీరినట్టు ఇంకేదో వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గీరుళ్ళు ఆమెకు కొత్త కాదు. నాలుక తగిలినా, అన్నం మెతుకు ఇరుక్కున్నా వస్తాయి. పీఠం వాటిని శబ్ద మలినమని తుడిచేస్తుంది. కానీ మలినానికి లెక్క వస్తుందా? నాంచారి చుట్టూ చూసింది, ఎవరో కనిపెడతారన్నట్టు. తర్వాత కావాలనే రెండు తట్టింది. రెండు గీరుళ్ళు వచ్చాయి. అయిదు తట్టింది. అయిదు.

ఓరి దేవుడా అనుకుంది. పలుకుతున్నాడు!

ఆ రోజు ఇంటికి వెళ్ళి ఆమె ఒక్కతే పాయసం వండుకు తింది. అప్పట్నుంచి రోజూ పని అయ్యాక ఆయనతో ఆ కాసేపు. రెండు, అయిదు, ఒకటి, మళ్ళీ రెండు. దానికి అర్థమేమీ లేదు. ఉన్నావా అంటే ఉన్నాను అన్నట్టు. ఆ మాత్రానికే ఆమె మెట్లెక్కేటప్పుడు అడుగు తేలిగ్గా పడేది, చీరల్లో రంగులు మారాయి. నవ్వే వాళ్ళు నవ్వనీ. మనిషికి మనిషి పలకడం అంటే అంతే మరి.

మధ్యలో ఆయన గూటం ఒకటి ఊడిపోయింది. అది రెండోది. మొదటిది ఆమె రాక ముందే పోయింది. ఎముక మెత్తన కాబోలు అనుకుని జాలిపడింది గానీ, మరొక ఆలోచన రాలేదు. మూడోది బిగించారు. ఇవాళ అది పల్లంలో ఉంది.

గూటం బిగించిన కొత్తలో మరలు ఎముకను కరిచి పట్టుకుంటాయి. అది పిడిపట్టు. నలిగిన ఎముక కొన్నాళ్ళకు కరిగిపోతుంది, దాని స్థానంలో కొత్త ఎముక వచ్చి గూటాన్ని చుట్టుకుంటుంది. అది ఎముకపట్టు. పాత పట్టు సడలి, కొత్త పట్టు ఇంకా చిక్కని రోజులు మధ్యలో కొన్ని ఉంటాయి. ఆలకరులు దాన్నే పల్లం అంటారు. పల్లంలో ఉన్న గూటాన్ని పసిగుడ్డును చూసినట్టు చూసుకోవాలి. తీగ వదులు చేస్తారు, ఆ పక్కన నమలనివ్వరు. కుదిరితే యంత్రంతో సన్నటి మందు కంపనం పెడతారు, ఎముకను మేల్కొలపడానికి. ఆ పల్లం దాటితే ఇక భయం లేదు.

నాంచారి మూడు తట్టింది. మోత బొంగురుగా వచ్చింది. నిన్నటి కన్నా బొంగురు. వెంటనే ఆయన జవాబు. గీరు, గీరు, గీరు. ఆ మూడు సార్లూ బల్ల మీద, గూటం మీద పడే బరువు చూపే ముల్లు చటుక్కున ఎగిరి పడింది. ఆమె మళ్ళీ తట్టింది, సరిగా వినలేదేమోనని. మోత ఇంకాస్త బొంగురైంది. మళ్ళీ జవాబు. మళ్ళీ ముల్లు ఎగిరింది.

అప్పుడు తెలిసింది ఆమెకు. ఆయన పలికేది నాలుకతో. నాలుక కొనతో గూటాన్ని నెడుతున్నాడు. గట్టిగా ఉన్న గూటానికి అది లెక్కలోది కాదు. పల్లంలో ఉన్నదానికి ప్రతి జవాబూ ఒక దెబ్బ. ఆమె ఆడిన ఆటకు రెండోది ఊడింది. ఇప్పుడు మూడోది ఊగుతోంది.

"అయ్యో," అంది నాంచారి, ఆ పరుపుల పెట్టెలో ఒక్కతే కూర్చుని. "నేనే."

తట్టడం ఆపేసింది. ఆపితే ఆయన ఊరుకుంటాడనుకుంది. కాసేపు నిశ్శబ్దంగానే ఉంది. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు. మూడు. ఆగాడు. మళ్ళీ మూడు, ఈసారి గట్టిగా. లోపల మనిషి ఉండీ తలుపు తీయకపోతే బయటివాడు ఎలా బాదుతాడో అలా. ముల్లు ఎగురుతూనే ఉంది. తట్టినా ముప్పే, తట్టకపోయినా ముప్పే.

పీఠం ఆలస్యం చేయలేదు. బల్ల మీద అక్షరాలు వెలిగాయి: మూడవ గూటం విఫలమగుచున్నది. కారణం: ఎముక లోపం. గూటందారును సాయంకాలపు పడవలో పైకి రప్పించవలెను.

ఆ వెనకే గది గోడ మీది అద్దంలో సుందరశివరావు కనిపించాడు. ఆ అంతస్తు ఆలకరులందరికీ పై అధికారి. ఎప్పుడూ రహస్యం చెబుతున్నట్టు మాట్లాడతాడు. ఆయన తప్పు కాదు, ముప్పై ఏళ్ళుగా ఈ భవనంలో ఉంటే ఎవరి గొంతైనా అంతే అవుతుంది.

"నాంచారమ్మ గారూ, గవరయ్య సంగతి చూశారా?"

"చూశానండి. అది ఎముక లోపం కాదు సార్."

"మరేంటి?"

"నాలుకతో నెడుతున్నాడు."

"మంచిదే చెప్పారు. లోపమైతే పాపం అంటారు. నాలుకంటే నిర్లక్ష్యం అంటారు. ఎలాగైనా పైకి రావాల్సిందే."

"నెట్టడం కాదండీ. మనం తడుతున్నాం కదా. పలుకుతున్నాడు."

సుందరశివరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పలకడమేంటండీ! అది దవడ. మీరేమన్నా వీధి తలుపు అనుకున్నారా?"

"నేను రెండు తడితే రెండు కొడతాడు. అయిదు తడితే అయిదు."

"నియమం మూడు కదా. మీరు అయిదెందుకు తట్టారు?"

నాంచారి తల దించుకుంది. ఊసుపోక అని చెప్పొచ్చు. పరీక్షించడానికి అని కూడా చెప్పొచ్చు, ఆయన నమ్మేవాడే. "ఒంటరిగా ఉండి సార్," అంది.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇది నేను వినలేదు," అన్నాడు.

"పైకి తెస్తే ఆయన్ని మళ్ళీ అడుగుకి పంపుతారా?"

"ఎముక లోపం అని పడ్డాక ఎవరు పంపుతారండీ? అయినా పైన ఏదో ఒక పని చూస్తారులెండి."

"పైన ఆయనకు ఊరే లేదు సార్. గొంతుదారి తెరుస్తాను. ఒక్కమాట చెబితే సరిపోతుంది."

"అమ్మా తల్లీ!" ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. "అది రక్తం కారినప్పుడు తెరవాల్సిన దారి. మాట విన్న చెవి మళ్ళీ మోత నిజంగా వినలేదని కదా నియమం పెట్టారు. ఎవరి గొంతు వింటే వాళ్ళ మీద మనసు పడుతుంది, బొంగురు మోత కూడా గట్టిదిగానే వినిపిస్తుంది. తెరిచారంటే సాయంత్రానికి మీ జాబితా అంతా ఇంకొకరికి పోతుంది. ఆలకరులు దొరకడం లేదు కాబట్టి మిమ్మల్ని తీసెయ్యరు, వేరే గదిలో వేస్తారు. కానీ గవరయ్య మీకు మళ్ళీ దొరకడు. జన్మలో దొరకడు. ఆలోచించుకోండి." అద్దం ఆరిపోయింది.

నాంచారి క్యారియరు విప్పింది. గోంగూర అన్నం. ముద్ద నోట్లో పెట్టుకుంది గానీ దిగలేదు.

ఉన్నదున్నట్టు చెప్పుకోవాలంటే, అప్పుడు ఆమెకు ఒక పాడు ఆలోచన వచ్చింది. ఊరుకుంటే సరి. సాయంత్రం పడవ వస్తుంది. రేవు దగ్గర నిలబడవచ్చు. కిందినుంచి వచ్చినవాళ్ళతో మాట్లాడకూడదని ఏ నియమమూ లేదు. వెలుతురుకి కళ్ళు చికిలిస్తూ ఒక మనిషి దిగుతాడు. ఏమండీ గవరయ్య గారూ అంటుంది. ఆయనకూ ఎవరూ లేరు, తనకూ ఎవరూ లేరు. రోజూ మాట్లాడుకోవచ్చు, నోటితోనే. ఆ ఆశ ఎంత తియ్యగా ఉందంటే, ఆమె చెయ్యి ముద్ద కలపడం మరిచిపోయింది. ఆయన పళ్ళు వంకరగానే ఉండిపోతాయి, ఆయన ఎముక మీద అబద్ధపు ముద్ర పడుతుంది, చేతనైన ఒక్క పనీ పోతుంది. తనకు తోడు దొరుకుతుంది. ఛీ అనుకుంది. ఛీ అనుకున్నా కాసేపు ఆ రేవు కళ్ళ ముందు నుంచి పోలేదు.

బల్ల మీద ముల్లు మళ్ళీ ఎగిరింది. మూడు సార్లు. ఆయన ఇంకా పిలుస్తూనే ఉన్నాడు.

నాంచారి చెయ్యి కడుక్కుని గొంతుదారి మీట పట్టుకుంది.

"రక్తస్రావమా?" అని అడిగింది పీఠం.

"కాదు."

"కారణము?"

"మాట్లాడాలి."

"ఆ కారణము పట్టికలో లేదు. దారి తెరిచిన పక్షమున మీ గూటందారులందరు సాయంకాలమునకు వేరొక ఆలకరికి బదిలీ అగుదురు. సమ్మతమా?"

ఆమె మీట వదల్లేదు. "సమ్మతం," అంది.

దారి తెరుచుకుంది. గూటంలోంచి ఎముకకీ, ఎముకలోంచి చెవికీ వెళ్ళే దారి అది. ముందు ఊపిరి వినిపించింది. అంత దగ్గరగా మరొక మనిషి ఊపిరి విని ఆమెకు ఎన్నేళ్ళయిందో.

"గవరయ్య గారూ," అంది.

ఏదో గిన్నె కింద పడిన చప్పుడు. "ఓర్నాయనో! ఎవులది? నా తలకాయలోన ఎవులు మాటాడతన్నారు?"

"భయపడకండి. నేనండీ. పొద్దున తట్టేదాన్ని."

"ఆడకూతురా?"

"అవునండి."

"సిత్రం! నాను ముసిలోడనుకున్నానమ్మా. ఆ సేతివాటం సూత్తే ఎవులో ముసిలోడు, నాలాగే ఎవులూ లేనోడు, ఊసుపోక తడతన్నాడు అనుకున్నాను."

"ముసలితనం తప్ప మిగతాదంతా నిజమేనండి."

ఆయన నవ్వాడు. మూలపడిన తలుపు తెరిచినట్టు బిరుసుగా ఉంది ఆ నవ్వు. నాంచారికి ఏడుపొచ్చింది. ఏడవడానికి ఇది సమయం కాదని కళ్ళు తుడుచుకుని, చెప్పాల్సింది గబగబా చెప్పింది. గూటం పల్లంలో ఉందని, నాలుక తగిలితే ఊడుతుందని, ఇది ఊడితే పైకి తెచ్చేస్తారని. ఇంతకు ముందుది తన ఆట వల్లే ఊడిందని కూడా చెప్పింది.

"పైకా?" ఆయన గొంతు మారిపోయింది. "పైన నాకేటున్నాదమ్మా? ఊరేదీ? ఈడయితే రాయీ రప్పా నన్నెరుగును. పైకొచ్చి ఎవులింటి అరుగు మీద కూకోవాలి?"

"అందుకే చెబుతున్నా. ఇక పలకొద్దు. నేను తట్టినా, ఎవరు తట్టినా నాలుక కదపొద్దు."

"అదెలాగ కుదురుద్ది? పిలిత్తే పలకాల గదా. పలక్కపోతే ఉన్నాడో పోనాడో అని మీకు బెంగ కాదేటి?"

"బెంగేనండి. అయినా పలకొద్దు."

"నా వల్ల కాదమ్మా," అన్నాడు నిజాయితీగా. "రోజల్లా ఎదురుసూసీది ఆ తట్టు కోసమే. అది పడగానే నాలిక దానంతటదే ఎల్లిపోద్ది. విన్నాననీసి మీకు తెలపాల గదా. ఇంకెలాగ తెలుపుతాను?"

నాంచారి ఆలోచించింది. నిజమే, ఎలా తెలుపుతాడు? నాలుక కదపకూడదు, పళ్ళు కొట్టకూడదు, దవడ ఆడించకూడదు. దారి మూశాక మాట పైకి రాదు, ఎముక మోత ఒక్కటే వస్తుంది. నోరు మూసుకునే, నేను వింటున్నాను అని చెప్పడం ఎలా? అలా చెప్పే పద్ధతి అసలు లోకంలో ఉందా? ఎందుకు లేదు! ప్రతి పసివెధవకీ వచ్చు అది.

"గవరయ్య గారూ, ఊఁ కొట్టండి."

"ఏటి?"

"చిన్నప్పుడు మీ అమ్మ కథ చెబితే ఊఁ కొట్టేవారు కాదూ? నోరు మూసుకుని, పడుకుని. అలా."

"కొట్టకపోతే మాయమ్మ కత ఆపీసీది గదా! పడుకున్నాడులే అనీసి ఎల్లిపోయీది."

"నేను తడతాను. నాలుక కదపకుండా ఊఁ అనండి."

ఆమె మూడు తట్టింది.

"ఊఁ," అన్నాడు గవరయ్య. "ఊఁ. ఊఁ."

ఎముకలోంచి సన్నని జీర వచ్చి ఆమె వేళ్ళ కిందున్న బల్లను కూడా వణికించింది. నాంచారి ముల్లు వైపు చూసింది. కదల్లేదు. మళ్ళీ తట్టింది. మళ్ళీ ఊఁ. ముల్లు కదల్లేదు. అప్పుడు శ్రుతి చూసి ముందుకు వంగింది. పల్లంలో ఉన్న గూటాలకు యంత్రం పెట్టే మందు కంపనం ఇంచుమించు ఈ శ్రుతిలోనే ఉంటుంది. యంత్రం పెట్టేది ఎప్పుడూ ఒకే ఒరవడి, మనిషిది కాస్త అటూ ఇటూ ఊగుతోంది, అంతే తేడా. ఇది మందవుతుందో లేదో ఆమెకు తెలీదు. దెబ్బ మాత్రం కాదు, అది కళ్ళ ముందు కనిపిస్తోంది.

"వర్గము లేని ధ్వని," అంది పీఠం. "శబ్ద మలినముగా తొలగించవలెనా?"

"వద్దు. జవాబు అని రాయి."

"జవాబు అను వర్గము లేదు."

"లేకపోతే పెట్టు."

కాసేపటికి రప్పింపు ఆజ్ఞ పక్కన చిన్న అక్షరాల్లో వాయిదా అని వెలిగింది.

"అమ్మా," అన్నాడు గవరయ్య, "మరి కతేదీ?"

"ఏం కథండీ?"

"ఊఁ కొట్టమనీసి కత సెప్పకపోతే ఎలాగ? ఒట్టినే ఊఁ అనడానికి నానేటి ఎర్రోడినా?"

కథలంటే నాంచారికి ఒక్కటీ గుర్తు రాలేదు. మనుషులతో మాట్లాడక ఆమె నాలుక కూడా మొద్దుబారి ఉంది. అందుకని పొద్దున తను వచ్చిన దారి చెప్పడం మొదలుపెట్టింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ బుట్టలో కోడిపిల్లలున్నాయని, ఒకటి తప్పించుకుని కండక్టరు జేబులో దూరిందని, అందరూ నవ్వారని. "ఊఁ," అన్నాడు గవరయ్య. కొండ మలుపులో జీడిమామిడి పూతకొచ్చిందని, ఆ వాసనకు తలనొప్పి వస్తుందని. "ఊఁ." ఈ భవనంలో చెప్పులు వేసుకోనివ్వరని, శీతాకాలంలో కాళ్ళు కొంకర్లు పోతాయని. "ఊఁ." కోడిపిల్ల విషయం మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పింది. పొద్దు వాలేదాకా చెబుతూనే ఉంది. జీవితంలో అంత మాట్లాడింది లేదు, అంత సంతోషంగా ఉన్నదీ లేదు.

బల్ల అంచున ఎర్ర గీత వెలిగింది. బదిలీ సమయం.

"రేపు ఏ కత సెప్తారు?" అన్నాడు ఆయన.

అబద్ధం చెప్పొచ్చు. ఆమె చెప్పలేదు. "రేపటి నుంచి నేను కాదండి. ఇంకొకరు తడతారు. వాళ్ళు మాట్లాడరు, తడతారంతే. మీరు మాత్రం ఊఁ అనండి. నాలుక కదపొద్దు. నా మీద ఒట్టు."

అవతల గిన్నె పక్కకి జరిపిన చప్పుడు.

"ఊఁ," అన్నాడు గవరయ్య.

దారి మూసుకుంది. ఆ వేళ నాంచారి అన్నం వండుకోలేదు. కుక్కరు కూడా పలకలేదు.

కొత్త గది ఇవ్వడానికి వాళ్ళకు కొన్నాళ్ళు పట్టింది. ఆ పొద్దున్న ఆమె కొత్త పెట్టెలోకి వెళ్ళబోతుంటే వరండాలో సుందరశివరావు ఎదురయ్యాడు. అటూ ఇటూ చూసి దగ్గరగా వచ్చాడు.

"గవరయ్యని నేనే తీసుకున్నా," అన్నాడు. "కొత్తవాళ్ళకిస్తే ఆ ఊఁలు విని హడలిపోతారని. గూటం పల్లం దాటింది. మోత గట్టిగా ఉంది. ఇదేదీ నేను మీకు చెప్పలేదు."

నాంచారి ఒకడుగు ముందుకు వేసింది. "ఊఁ అంటున్నాడా?"

"అంటున్నాడు." ఆయన కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. సిగ్గుపడుతున్నాడని ఆమెకు అప్పుడు అర్థమైంది. "నిన్న నేను మూడుతో ఆపలేదండీ. పది తట్టాను. పదీ అన్నాడు."

ఆమెకు సంతోషమైంది. అంతకు మించి అసూయ వేసింది. ఆ పది ఊఁలూ తనవి కావలసినవి. ఇకమీదట అవి ఎన్నటికీ తనవి కావు. ఏమీ అనకుండా ఆయనకు నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళి కూర్చుంది.

కొత్త బల్ల, కొత్త పేర్లు. మొదటి దవడ. మూడు తట్లు. "గట్టి." రెండోది. "గట్టి." మూడోది ఎవరో ముత్తమ్మట, నడివయసు మనిషి. గూటం పల్లంలో ఉంది. నాంచారి మూడు తట్టింది. మోత బొంగురుగా వచ్చింది. దాని వెనకాలే సన్నగా గీరినట్టు, ఒకటి, రెండు, మూడు.

ముల్లు మూడుసార్లు ఎగిరి పడింది.

ఈమె కూడానా, అనుకుంది నాంచారి. ఇంకా ఎందరు? పీఠం మలినమని తుడిచేసిన గీరుళ్ళన్నీ, ఎముక లోపమని పైకి తెచ్చిన వాళ్ళందరూ... ఇంకొక్కసారి తడితే మళ్ళీ మూడు వస్తాయి. ఈ ముత్తమ్మ కూడా రోజూ పలుకుతుంది. రోజూ పలికే మనిషి ఒకరు మళ్ళీ దొరికారు. ఊరికే కూర్చున్నా చాలు.

ఆమె మీట పట్టుకుంది.

"రక్తస్రావమా?" అని అడిగింది పీఠం.

"కాదు."

"ఈ జాబితా మీకు ఈ ఉదయముననే ఇవ్వబడినది."

"తెలుసు."

ఒక తప్పుకి ఒక బదిలీ అని పీఠం లెక్క. ఆ శిక్షను ప్రతిసారీ కావాలని అడిగి తీసుకునే మనిషి దాని లెక్కలో లేదు. బల్ల మీద అక్షరాలు వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి. నాంచారి ఓపికగా కూర్చుంది.

"సమ్మతమా?" అంది పీఠం చివరికి.

"సమ్మతం. తెరువు."

ఎముకలోంచి ఎవరిదో ఊపిరి వినిపించింది. ఉలిక్కిపడి ఆగింది.

"భయపడకండి ముత్తమ్మ గారూ," అంది నాంచారి. "నేను పొద్దున తట్టేదాన్ని. ఈ ఒక్కరోజే ఉంటాను."